ఆటవిడుపు ఎవరి హక్కు? మానేరు ఒడ్డు నుంచి కుంటాల మెట్ల దాకా

ఆదివారం సాయంత్రం కరీంనగర్ తీగల వంతెన మీద నిలబడితే పట్నమంతా అక్కడికే వచ్చిందా అనిపిస్తుంది. 2023 జూన్ 21న ప్రారంభమైన ఈ వంతెనకు ఒక పక్క పట్నం, ఇంకో పక్క సదాశివపల్లి, కింద మానేరు. కాల్చిన మక్క కంకులు, బుగ్గలు అమ్మేవాళ్ళు, ఫోటోలు దిగే కొత్త జంటలు, పిల్లల్ని భుజాల మీద ఎత్తుకున్న తండ్రులు. ఎగువన లోయర్ మానేరు డ్యామ్ గేట్లు ఎత్తిన రోజైతే కాలు పెట్టే సందుండదు. కులం అడగకుండా నలుగురూ కలిసే చోటు ఊరికి ఒక్కటైనా ఉండాలంటే అది ఇలాగే ఉండాలి.

పరిశోధన పని మీద మేం కొంతకాలంగా ఉమ్మడి కరీంనగర్, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాల వాడల్లో తిరుగుతున్నాం. భూమి, కూలి, చదువుల గురించి అడిగే ప్రశ్నల చివర ఒక చిన్న ప్రశ్న కూడా పెట్టుకున్నాం. పని లేకుండా, ఊరికే, వాగు దగ్గరికో చెరువు కట్ట మీదికో చివరిసారి ఎప్పుడు పోయారు? మానేరుకు దగ్గర్లోనే ఉన్న ఒక వాడలో అరవై దాటిన ఒక తల్లి ఈ ప్రశ్న విని నవ్వింది. "పని లేకుండ వాగుకు ఎవలు పోతరు బిడ్డా? బట్టలు పిండ పోయినం, చెలిమె తోడి నీళ్ళు తెచ్చినం, ఇసుక ఎత్త పోయినం. ఉట్టిగ కూసునుడు మాకేడిది?" అన్నది.

ఆ ఒడ్డున ఆమె జీవితమంతా పని చేసింది. ఇప్పుడు అదే ఒడ్డు విహార స్థలం అవుతుంటే అందులో తనకూ ఒక చోటు ఉంటుందని ఆమెకు తోచడం లేదు. ఈ వ్యాసం దాని గురించే. నది ఒడ్డున కూర్చోవడం, చెరువులో ఈత కొట్టడం, గుట్ట బాటన నడవడం ఎవరో దయతో ఇచ్చే సరదాలు కావు. రాజ్యాంగంలో రాసి ఉన్న హక్కులు. ఇవాళ మన రెండు జిల్లాల్లో ఆ హక్కును కంచె, టికెట్, ప్రాజెక్టు అనే కొత్త పేర్లతో దూరం చేస్తున్నారని, ఉద్యమం దీన్ని ఇకనైనా పట్టించుకోవాలని మా వాదన.

అంబేడ్కర్ చేసిన ఒక విహారయాత్ర

1934లో దళిత ఉద్యమంలో పనిచేస్తున్న సహచరులు కొందరు ఎటైనా యాత్రకు పోదామని అంబేడ్కర్‌ను అడిగారు. ముప్పై మంది దాకా కలిసి వేరూల్ బౌద్ధ గుహలు చూడటానికి బయలుదేరారు. అది సభ కాదు, సత్యాగ్రహం కాదు. రోజూ పోరాడే మనుషులు కోరుకున్న నాలుగు రోజుల తెరిపి. దారిలో దౌలతాబాద్ కోట వచ్చింది. అప్పుడది నిజాం రాజ్యం. మన కరీంనగర్, ఆదిలాబాద్ కూడా ఆ రాజ్యంలోని జిల్లాలే.

రంజాన్ నెల. ప్రయాణంలో దుమ్ము కొట్టుకుపోయిన వాళ్ళు కోట గుమ్మం దగ్గర ఉన్న చిన్న కోనేటి నీళ్ళతో ముఖాలు కడుక్కున్నారు. అంతే, అంటరానివాళ్ళు నీళ్ళు మైల చేశారని ఒక ముసలాయన కేకలు పెట్టాడు. జనం పోగయ్యారు, తిట్లు మొదలయ్యాయి. చివరికి కోట చూడనిచ్చారు గానీ లోపల ఎక్కడా నీళ్ళు ముట్టుకోకూడదని షరతు పెట్టి, వెంట ఆయుధం పట్టిన సిపాయిని పంపారు. అక్కడ గుమిగూడింది ముస్లింలు. కులం మతాల గోడలు కూడా దాటి పాకుతుందని చెప్పడానికే అంబేడ్కర్ తన 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఈ సంఘటన రాశారు.

మనం మహాడ్ చెరువును గుర్తు పెట్టుకుంటాం. 1927 మార్చి 20న చవదార్ చెరువు నీళ్ళు తాగడానికి వేల మంది నడిచిన ఆ నడకను ఏటా తలుచుకుంటాం. దౌలతాబాద్‌ను అంతగా తలుచుకోం. మహాడ్‌లో అడిగింది దాహానికి నీళ్ళు. దౌలతాబాద్‌లో అడ్డుకున్నది విహారాన్ని. విదేశాల్లో చదువుకుని వచ్చిన బారిస్టర్ కూడా ఒక పాత కోటను నలుగురిలా చూడాలంటే సిపాయి కాపలాలో నడవాల్సి వచ్చింది. తొంభై ఏళ్ళు దాటినా ఆ సిపాయి పూర్తిగా పోలేదు, వేషం మార్చుకున్నాడు.

చట్టంలో చెరువు, స్నానఘట్టం, బాట

రాజ్యాంగం 15వ అధికరణం గురించి రిజర్వేషన్ల చర్చలో తరచూ మాట్లాడుకుంటాం. దాని రెండో క్లాజును అంతగా పట్టించుకోం. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఏ పౌరుణ్ణీ దుకాణాలు, హోటళ్ళు, వినోద స్థలాలకు దూరం పెట్టకూడదని అది చెబుతుంది. అక్కడితో ఆగదు. బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, జనం కలిసే చోట్లు, ఇవన్నీ పూర్తిగా గాని కొంత గాని ప్రభుత్వ ధనంతో నడిచేవైతే, లేదా ప్రజల వాడకానికి వదిలినవైతే, వాటి మీద అందరికీ హక్కు ఉందంటుంది. ఈ జాబితా ఎవరో కూర్చుని ఊహించి రాసింది కాదు. ఒక్కో మాట వెనక ఎక్కడో ఒక ఊరిలో తిన్న దెబ్బ ఉంది.

1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షన్ నదిని, వాగును, ఊటను, చెరువును, స్నానఘట్టాన్ని పేరు పెట్టి చెప్పింది. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్ట సవరణ ఇంకా ముందుకు పోయింది. ఉమ్మడి వనరులను, నదిని, చెరువును, దారిని వాడుకోకుండా అడ్డుకోవడం, పబ్లిక్ స్థలాల్లోకి రానివ్వకపోవడం ఆ చట్టం కింద నేరాలు. బహిరంగ స్థలంలో సైకిల్, మోటార్ సైకిల్ ఎక్కనివ్వకపోవడం, చెప్పులో కొత్త బట్టలో వేసుకోనివ్వకపోవడం కూడా నేరమే. అంటే సంతోషంగా, సోకుగా, తలెత్తి తిరగడం మీద జరిగే దాడిని చట్టం గుర్తించింది.

ఎందుకు గుర్తించాల్సి వచ్చిందో తెలుగు నేలకు బాగా తెలుసు. కారంచేడు గొడవ మొదలైంది చెరువు దగ్గర. మాదిగపల్లె తాగే నీళ్ళలో బర్రెలను కడిగి మైల చేయొద్దన్నందుకు మొదలైన దౌర్జన్యం 1985 జులై 17న ఆరుగురు దళితుల హత్య దాకా పోయింది. చుండూరు గొడవకు నిప్పు రాజుకున్నది సినిమా హాల్లో. కాలు తగిలిందన్న మాట 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల ప్రాణాలు తీసిన దాడికి దారి తీసింది. ఒకటి చెరువు గట్టు, ఇంకొకటి వినోద స్థలం. 15(2)లో ఉన్న రెండు భాగాలూ ఈ రెండు ఊళ్ళలో నెత్తురుతో తడిశాయి. 2018 జూన్‌లో మహారాష్ట్ర జలగావ్ జిల్లా వాకడిలో ఇద్దరు దళిత బాలురు బావిలో ఈత కొట్టారని బట్టలు విప్పించి కొట్టారు. వేసవిలో ఈత కొట్టడం కంటే మామూలు బాల్య సరదా ఏముంటుంది? కులానికి ఆ సరదానే కంటగింపు.

మానేరు: ఇసుక బాట, విహార బాట

ఇక మన మానేరు దగ్గరికి వద్దాం. సబర్మతి తరహాలో మానేరు ఒడ్డును తీర్చిదిద్దుతామని సుమారు 410 కోట్లతో మానేరు రివర్ ఫ్రంట్ తలపెట్టారు. 2022 మార్చిలో శంకుస్థాపన చేశారు. ప్రభుత్వం మారింది, పనులు అనుకున్న తీరున సాగలేదు. అయినా నమూనా మాత్రం అందరి మనసుల్లో నిలిచిపోయింది. రాతి మెట్లు, నడక దారి, పడవలు, ఫౌంటెన్లు. దీంట్లో తప్పేముంది అని అడగొచ్చు. నడక దారి మంచిదే. కానీ నమూనాగా చూపించిన సబర్మతి దగ్గర ఏం జరిగిందో కూడా చూడాలి. అహ్మదాబాద్‌లో నది ఒడ్డున గుడిసెలు వేసుకుని బతికిన పదివేలకు పైగా కుటుంబాలను అక్కణ్ణుంచి లేపారు. వాళ్ళలో ఎక్కువ మంది దళితులు, ముస్లింలు, ఇతర పేదలు. పునరావాసం కోసం హైకోర్టు దాకా పోవాల్సి వచ్చింది. ఒడ్డు అందమైంది, ఒడ్డున ఉన్నవాళ్ళు ఊరి అంచుకు చేరారు.

మానేరు ఒడ్డున ఇప్పటికే రెండు బాటలు ఉన్నాయి. ఒకటి విహారానిది, ఇంకొకటి ఇసుకది. 2017 జులైలో సిరిసిల్ల దగ్గర నేరెళ్ళలో ఏం జరిగిందో ఈ పేజీ చదివేవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఇసుక లారీలు మనుషుల్ని తొక్కుతుంటే కడుపు మండిన జనం లారీలకు నిప్పు పెట్టారు. పోలీసులు ఎనిమిది మందిని పట్టుకుపోయారు, వాళ్ళలో ఎక్కువ మంది దళితులు. స్టేషన్లో పెట్టిన చిత్రహింసల గురించి వాళ్ళు చెప్పిన మాటలు రాష్ట్రమంతా కలకలం రేపాయి. ఆ తర్వాత పూడికతీత పేరుతో మానేరులో జరుగుతున్న ఇసుక తవ్వకాల మీద జాతీయ హరిత ట్రిబ్యునల్ కూడా జోక్యం చేసుకోవాల్సి వచ్చింది. వాగుకు పోయే బాట మీద పిల్లలు నిర్భయంగా నడవలేని ఊరికి, పది మైళ్ళ అవతల కట్టే ఫౌంటెన్ వల్ల ఏం ఒరుగుతుంది?

ఇసుక పోతే చెలిమె పోతుంది. ఎండాకాలంలో ఇసుక దిబ్బల మీద ఆడే కబడ్డీ పోతుంది. వెన్నెల రాత్రి వాగులో కూర్చుని చెప్పుకునే ముచ్చట్లు పోతాయి. తవ్విన గుంతల్లో నీళ్ళు నిలిచి, లోతు తెలియక దిగిన పిల్లలు మునిగిపోతారు. ఒకప్పుడు మోకాలు లోతు నీళ్ళలో ఎవరి సాయం లేకుండా ఈత నేర్చుకున్న వాడల్లో ఇప్పుడు తల్లులు పిల్లల్ని వాగు వైపు పోనివ్వడం లేదు. పేదవాళ్ళకు ఖర్చు లేకుండా దొరికే ఆట స్థలం నది. ఆ స్థలాన్ని తవ్వి అమ్ముకుని, తర్వాత అదే ఒడ్డున టికెట్ పెట్టి వినోదం అమ్ముతామంటే దాన్ని అభివృద్ధి అని ఎట్లా ఒప్పుకుంటాం?

డ్యామ్ గేట్ల దగ్గర ఫోటోలు దిగేటప్పుడు ఇంకో మాట కూడా గుర్తు పెట్టుకోవాలి. మిడ్ మానేరు నీళ్ళ కింద కొదురుపాక, నీలోజిపల్లి, వరదవెల్లి లాంటి ఊళ్ళున్నాయి. ఆ ఊళ్ళతో పాటు వాడలు, శిఖం భూములు, తాతముత్తాతల బొందలు మునిగాయి. చుట్టపుచూపుగా వచ్చేవాళ్ళకు అది నీలంగా మెరిసే బ్యాక్ వాటర్. నిర్వాసితులకు అది సొంత ఊరు.

ఊరిలో వనం, వనంలో కులం

పట్నం సంగతి అలా ఉంటే, పల్లెల్లో గత పదేళ్ళలో ప్రభుత్వమే ఆటవిడుపు స్థలాలు కట్టింది. మిషన్ కాకతీయలో మినీ ట్యాంక్‌బండ్లు, 2020 నుంచి పల్లె ప్రకృతి వనాలు, 2022 నుంచి క్రీడా ప్రాంగణాలు. ఆలోచనగా ఇది చిన్న విషయం కాదు. ఊరికొక పార్కు, ఊరికొక ఆట స్థలం అన్నది మన పల్లెలు ఎన్నడూ ఎరగనిది. చిక్కల్లా స్థలం ఎక్కడిది అన్న దగ్గర వచ్చింది. ఊరిలో ఖాళీ ప్రభుత్వ భూమి అంటే అధికారి కంటికి మొదట ఆనేది దళితులకు ఎప్పుడో ఇచ్చిన అసైన్డ్ భూమి. తాము దున్నుకుంటున్న భూమిలో వనం పెట్టారని, కాగితం లేదని వెళ్ళగొట్టారని చాలా చోట్ల నుంచి ఫిర్యాదులు వచ్చాయి. అంటే ఊరి విహారం కోసం వాడ బువ్వ పోయింది. తర్వాత ఆ వనం గేటుకు తాళం, తాళంచెవి ఎవరి ఇంట్లో ఉంటుందో చెప్పనక్కర్లేదు.

మేం చూసిన ఒక ఊరిలో చెరువు కట్ట మీద సిమెంటు బెంచీలు వేశారు. వాడ పిల్లలు పొద్దున ఆడుకుంటారు. సాయంత్రం ఊరి పెద్దలు వచ్చే వేళకు లేచిపోతారు. ఎవరైనా పొమ్మన్నారా అని అడిగితే లేదన్నారు. "వాళ్ళొస్తే మేమే లేస్తం" అన్నాడు ఇంటర్ చదివే పిల్లవాడు. ఏ కేసు పెట్టాలి దీని మీద? ఏ సెక్షన్ కింద పెట్టాలి? బోర్డు లేదు, తిట్టు లేదు, దెబ్బ లేదు. తరాల భయం తనంతట తానే లేచి పక్కకు తప్పుకుంటుంది. ఇది కనపడని అంటరానితనం.

మన తెలుగువాళ్ళ పండుగ విహారాలే కులంతో అల్లుకుని ఉన్నాయి. కార్తీక మాసం వస్తే పేపర్ల నిండా వనభోజనాల వార్తలు. ఫలానా కుల సంఘం వనభోజనాలు, ఫలానా కుల ఆత్మీయ సమ్మేళనం. చెట్టు నీడకు కులం లేదు, ఆ నీడలో పరిచిన విస్తరికి ఉంది. బతుకమ్మను తెలంగాణ అంతటి పండుగ అంటాం. చాలా ఊళ్ళలో వాడ బతుకమ్మ వేరు, ఊరి బతుకమ్మ వేరు, నీళ్ళలో విడిచే రేవు కూడా వేరు. చిత్రం ఏమంటే ఎన్నో ఊళ్ళలో చెరువు తూము ఎత్తి దించి, మత్తడి కాపలా కాసి, పొలాలకు నీళ్ళు పారించిన నీరటి దళితుడే. చెరువును కంటికి రెప్పలా కాచినవాడికి దాని కట్ట మీద సాయంత్రం కూర్చునే చనువు లేకపోయింది.

ఆడవాళ్ళ సంగతి ఇంకా బరువు. చెరువు కట్ట మీద మగవాళ్ళు ఊరికే కూర్చోవచ్చు. వాడ ఆడబిడ్డ ఊరికే కూర్చుంటే పది కళ్ళు, పది మాటలు. దీపం లేని కట్ట, మరుగుదొడ్డి లేని పార్కు, బట్టలు మార్చుకునే గది లేని రేవు ఆమెకు ముందే మూసి ఉన్న గేట్లు.

ఆదిలాబాద్: నడిచే హక్కు, చూసే టికెట్

ఆదిలాబాద్‌కు పోతే బాట అన్న మాటకే ఇంకో అర్థం కనిపిస్తుంది. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర జరుగుతుంది. దానికి ముందు మెస్రం వంశస్తులు చెప్పుల్లేకుండా, అడవి ఊళ్ళ గుండా, రోజుల తరబడి నడిచి జన్నారం మండలంలోని హస్తినమడుగుకు చేరుకుంటారు. అక్కడి గోదావరి నీళ్ళు తీసుకుని మళ్ళీ నడుచుకుంటూ వెనక్కి వస్తారు. దీపావళికి దండారి బృందాలు గుస్సాడీలతో ఒక గూడెం నుంచి ఇంకో గూడెంకు ఆడుకుంటూ పోతాయి. భక్తి, ఆట, చుట్టరికం, అడవి అన్నీ ఆ నడకలో కలిసే ఉన్నాయి. నది దాకా పోయే నడక బాట ఈ నేలకు ఏ పర్యాటక శాఖా నేర్పింది కాదు.

ఇప్పుడు అదే నేల మీద బాటలు రెండుగా చీలుతున్నాయి. 2012లో కవ్వాల్‌ను పులుల అభయారణ్యంగా ప్రకటించారు. కోర్ ప్రాంతంలోని రాంపూర్, మైసంపేట నుంచి 140కి పైగా కుటుంబాలను 2024లో తరలించారు. రాత్రిపూట రాకపోకల మీద ఆంక్షలు పెట్టారు. జన్నారంలో మాత్రం సఫారీ జీపులు తిరుగుతాయి. పులికి చోటు కావాలి, దాన్ని ఎవరూ కాదనరు. కానీ కట్టెలకు పోయే ఆదివాసీ స్త్రీ అడుగు అడవికి చేటు, సఫారీ జీపు చక్రం అడవికి మేలు అన్న లెక్క ఎక్కడిది?

2025 మే 30న ప్రభుత్వం జీవో 49 తెచ్చింది. కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో సుమారు 1,492 చదరపు కిలోమీటర్ల అడవిని కవ్వాల్, తాడోబాల మధ్య పులుల దారిగా చూపి కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించింది. దానికి పెట్టిన పేరు కుమ్రం భీందే. జల్, జంగల్, జమీన్ అని పోరాడి 1940లో జోడేఘాట్ కొండల్లో ప్రాణమిచ్చిన మనిషి పేరుతో, ఆ మనిషి జనాన్ని అడగకుండానే జీవో ఇచ్చారన్నది ఆదివాసీ సంఘాల అభ్యంతరం. ఆందోళనలు, బంద్ తర్వాత జులైలో ప్రభుత్వం దాన్ని నిలిపివేసింది. నిలిపివేయడం అంటే రద్దు చేయడం కాదని మరిచిపోకూడదు.

నేరడిగొండ మండలంలోని కుంటాల జలపాతం దగ్గర ఈ చీలిక కళ్ళకు కడుతుంది. కడెం వాగు నలభై మీటర్లకు పైగా ఎత్తు నుంచి దూకే చోటు. అక్కడ శివుడున్నాడు, శివరాత్రికి చుట్టుపక్కల జనం వస్తారు. వానాకాలంలో హైదరాబాద్ నుంచి, నాగపూర్ నుంచి కార్లు బారులు తీరుతాయి. పొచ్చెర, కనకాయి, గాయత్రి, మిట్టె జలపాతాలకు ట్రెక్కింగ్ బృందాలు పోతున్నాయి. వాళ్ళు రావడం తప్పు కాదు. మేమూ ఆ మెట్లు దిగి, ఆ తుంపరలో తడిసినవాళ్ళమే. తప్పు ఎక్కడంటే, ఆ గూడేల యువకులు అక్కడ పార్కింగ్ కుర్రాళ్ళుగా, ప్లాస్టిక్ ఏరేవాళ్ళుగా మాత్రమే కనపడటంలో ఉంది. దారి చూపే గైడ్లు, లెక్క చూసే కమిటీ, అవునో కాదో చెప్పే గ్రామసభ వాళ్ళది కావాలి.

2006 అటవీ హక్కుల చట్టం ఈ అధికారాన్ని ఇప్పటికే ఇచ్చింది. నీటి వనరుల చేపల నుంచి సామూహిక అడవిని కాపాడుకునే దాకా హక్కులు గ్రామసభవి. బడి, దవాఖాన, తాగునీరు, రోడ్డు లాంటి అవసరాలకు గ్రామసభ సిఫారసుతో కొద్దిపాటి అటవీ భూమి మళ్ళించవచ్చని మూడో సెక్షన్ ఒక జాబితా ఇచ్చింది. అందులో రిసార్టు లేదు. దళితులకు సంబంధించిన ముడి కూడా ఈ చట్టంలోనే ఉంది. ఆదిలాబాద్ అడవి అంచుల్లో నేతకాని, మహార్, మాంగ్, మాల, మాదిగ కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. గిరిజనేతరులు కాబట్టి వాళ్ళు 75 ఏళ్ళ నివాసానికి రుజువు చూపాలి. చదువే అందని తాతల కాలం కాగితం ఎక్కణ్ణుంచి తేవాలి? ఆదివాసీల అడవి హక్కును బలపరుస్తూనే ఈ ముడి విప్పమని అడగాలి. రెండు సమూహాలను ఒకరి మీదికి ఒకరిని ఎగదోసే రాజకీయాలకు ఇదొక్కటే జవాబు.

షికాగో సరస్సు, బిలాక్సీ సముద్రం

నీళ్ళ ఒడ్డున ఆటవిడుపు కోసం పోరాడింది మనమొక్కరమే కాదు. 1919 జులై 27న షికాగోలో యూజీన్ విలియమ్స్ అనే పదిహేడేళ్ళ నల్లజాతి కుర్రవాడు మిషిగన్ సరస్సులో తేలుతూ, ఎవరూ గీయని తెల్లవాళ్ళ గీత దాటాడు. ఒడ్డు నుంచి రాళ్ళు పడ్డాయి, మునిగి చనిపోయాడు. ఆ తర్వాత రోజుల తరబడి సాగిన హింసలో 38 మంది ప్రాణాలు పోయాయి. మిసిసిపీ రాష్ట్రంలోని బిలాక్సీలో గిల్బర్ట్ మేసన్ అనే నల్లజాతి డాక్టర్ 1959 నుంచి తన జనాన్ని వెంటబెట్టుకుని సముద్రంలోకి దిగడాన్నే సత్యాగ్రహంగా మార్చాడు. 1960లో వాళ్ళను గొలుసులతో, కర్రలతో కొట్టారు. కోర్టులో గెలవడానికి 1968 దాకా పట్టింది. ప్రభుత్వ ధనంతో వేసిన ఇసుక తీరం కొందరిదే ఎలా అవుతుందన్నది వాళ్ళ ప్రశ్న. మన 15(2) అడిగేదీ అదే.

ఇంగ్లండ్‌లో 1932లో మిల్లు కార్మికులు, యువకులు కిండర్ స్కౌట్ కొండ మీదికి మూకుమ్మడిగా నడిచి జమీందార్ల వేట భూముల్లో నడిచే హక్కు అడిగారు. కొందరు జైలుకు పోయారు. స్కాట్లండ్ 2003లో చట్టం చేసి, కొన్ని బాధ్యతలు పెట్టి, కొండలు, సరస్సుల మీద అందరికీ నడిచే హక్కు ఇచ్చింది. నడకను హక్కుగా రాయడం సాధ్యమే అనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

భూమి పోరాటం ఉండగా ఈ సరదా ఎందుకు?

మా మిత్రుల్లో కొందరు ఈ వ్యాసం చదివి మొహం చిట్లిస్తారు. భూమి లేదు, ఉద్యోగాలు లేవు, రోజుకొక దాడి జరుగుతోంది, మీరు పిక్నిక్ గురించి రాస్తారా అంటారు. ఈ ప్రశ్నను మేం తేలికగా తీసుకోం. కూలి దొరకని రోజు ఆటవిడుపు కాదు, ఆకలి. ముందు పని, కూలి, భూమి కావాలన్నది నిజం.

కానీ పని గంటలకు హద్దు పెట్టాలని కార్మికోద్యమం ఎందుకు కొట్లాడింది? 1942లో వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చేపట్టిన అంబేడ్కర్ హయాంలో ఫ్యాక్టరీ పని వారానికి 48 గంటలకు తగ్గే దారి ఎందుకు పడింది? మిగిలిన గంటలు మనిషివి కావాలని. వెట్టి చేసిన తాతకు తనదంటూ ఒక సాయంత్రం లేదు. ఆ సాయంత్రం మనవడికి దొరికినా దాన్ని గడపడానికి ఒక ఒడ్డు లేకపోతే వెట్టి పూర్తిగా పోయినట్టు కాదు. విశ్రాంతి దొరికిన చోటే పాట పుడుతుంది, చర్చ పుడుతుంది, ప్రేమ పుడుతుంది, సంఘం పుడుతుంది. ఆధిపత్య కులాలు మన ఆటను చూసి ఎందుకు రెచ్చిపోతాయో ఇప్పుడు అర్థమవుతుంది.

2014 మే 25న తెలంగాణ సాంఘిక సంక్షేమ గురుకుల పిల్లలు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. పూర్ణ మన పక్క జిల్లా నిజామాబాద్ గిరిజన బిడ్డ, ఆనంద్ ఖమ్మం జిల్లా దళిత బిడ్డ. భువనగిరి బండ మీద మొదలైన సాధన ప్రపంచంలోనే ఎత్తైన శిఖరానికి చేర్చింది. అవకాశం ఇస్తే కొండ ఎవరి కులమూ అడగదని లోకానికి తెలిసింది. అయితే ఇద్దరు ఎవరెస్ట్ ఎక్కడం ఒకటి, వెయ్యి మంది వాడ పిల్లలు సైదాపూర్ మండలం రాయికల్ గుట్ట ఎక్కి జలపాతంలో తడిసి క్షేమంగా ఇంటికి రావడం ఇంకొకటి. మొదటిది గర్వకారణం, రెండోది మామూలు జీవితం. మనకు ఇంకా దక్కాల్సింది ఆ మామూలు జీవితం.

ఏం అడగాలి?

పాత నక్షాల్లో వాడ నుంచి వాగుకు, చెరువుకు, బొందలగడ్డకు బాటలు గీసి ఉంటాయి. చాలావాటిని పక్క రైతులు కలుపుకున్నారు. ప్రతి ఊరిలో నక్షా బాటలను సర్వే చేయించి, గ్రామసభలో చదివి వినిపించి, తిరిగి తెరిపించాలని అడుగుదాం. ఇది విద్యార్థులు రేపే మొదలుపెట్టగల పని. తహసీల్దార్ ఆఫీసులో నక్షా నకలు తీసుకుని, ఊరి పెద్దమనుషులతో కలిసి నడిచి చూస్తే చాలు.

రివర్ ఫ్రంట్, మినీ ట్యాంక్‌బండ్ లాంటి ఏ పని మొదలుపెట్టే ముందైనా ఆ ఒడ్డు మీద బతికేవాళ్ళ జాబితా తీయాలి. బట్టలు ఉతికేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, కూరగాయలు పండించేవాళ్ళు, గుడిసెల్లో ఉండేవాళ్ళు. వాళ్ళను కదిలించకుండా డిజైన్ గీయాలి. ఒడ్డున నడవడానికి, కూర్చోవడానికి టికెట్ ఉండకూడదు. అసైన్డ్ భూమిలో పెట్టిన ప్రతి వనానికి బదులు భూమి ఇవ్వాలి.

పర్యాటక విధానం పేరుతో ప్రైవేటు పెట్టుబడులను పిలుస్తున్న ఈ రోజుల్లో ఆదిలాబాద్ జలపాతాల మీద మాట గ్రామసభదే కావాలి. టికెట్ డబ్బు ఎంత వచ్చిందో, ఎవరికి పోయిందో గేటు దగ్గర బోర్డు మీద రాయాలి. గురుకులాల్లో, హాస్టళ్ళలో ఈత, కొండ ఎక్కడం పాఠాలుగా నేర్పాలి. ప్రమాదం ఉన్న ప్రతి మడుగు దగ్గర స్థానిక యువకులను జీతమిచ్చి కాపలా పెట్టాలి.

2027లో గోదావరి పుష్కరాలు. బాసర నుంచి ధర్మపురి, మంథని, కాళేశ్వరం దాకా ఘాట్ల పనులకు డబ్బు వస్తుంది. ఆ ఘాట్లు పన్నెండు రోజుల కోసం కాకుండా ఏడాది పొడవునా ఊరందరికీ పనికొచ్చేలా కట్టమని ఇప్పుడే అడగాలి. స్త్రీలకు గదులు, దీపాలు, మరుగుదొడ్లు కావాలి. ఘాట్లు ఊడ్చే సఫాయి కార్మికుల్లో ఎక్కువ మంది మనవాళ్ళే. వాళ్ళకు చేతి తొడుగులు, సరైన కూలి, వారానికొక సెలవు దక్కాలి. ఆ సెలవు రోజున వాళ్ళు అదే ఘాట్ మీద పిల్లలతో కూర్చోగలగాలి.

ఎక్కడైనా చెరువు దగ్గర, బాట మీద, పార్కులో అడ్డుకుంటే దాన్ని చిన్న గొడవగా సర్దుకోవద్దు. 2016 నుంచి అమల్లో ఉన్న సవరణలోని సెక్షన్ 3(1)(జెడ్ఏ)ను ఫిర్యాదులో స్పష్టంగా రాయించాలి. దెబ్బ తగిలే దాకా ఆగనక్కర్లేదు, అడ్డుకోవడమే నేరం.

మళ్ళీ ఆ తల్లి మాట. తర్వాత ఒక రోజు వాడలోని నలుగురు ఆడవాళ్ళతో కలిసి ఆమె మా వెంట మానేరు ఒడ్డుకు వచ్చింది. చేతిలో బట్టల మూట లేదు, బిందె లేదు, గంప లేదు. కాసేపు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు కొంగు సర్దుకుంటూ నిలబడింది. తర్వాత మెల్లగా కూర్చున్నది. "ఈడ చెలిమె ఉండె" అని చూపించింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పొద్దు గూకుతుంటే లేవమని మేమే అన్నాం. "ఇంకింత సేపు కూసుందాం బిడ్డా" అన్నది.